బూటు కింద గీత

నేను బస్తర్ నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచీ మా బావ ఒక కథ చెప్పుకు తిరుగుతున్నాడు. సుక్మాకి ఇవతల చెక్‌పోస్టు దగ్గర జవాను చేతిలో తుపాకీ చూసి మా మరదలు సైకిలుతో సహా దబ్బున పడిపోయింది అని. విన్నవాళ్ళందరూ "పాపం, ఆడమనిషి, అడవి, భయపడదూ మరి" అని తలలూపుతున్నారు. ఆ తలలూపుళ్ళు చూడలేకే ఇది రాయడానికి కూర్చున్నాను. పడ్డమాట నిజం. తుపాకీని చూసి మాత్రం కాదు. దారి పొడుగునా నన్ను భయపెట్టింది నా ఎడమ బూటు అడుగున ఉన్న శనగగింజంత రెండు బోల్టులు.

సైకిళ్ళు తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఈ రకం బూటు అడుగున ఒక చిన్న ఇనపముక్క బిగించి ఉంటుంది. క్లీట్ అంటారు. కాలు పెట్టి నొక్కితే అది పెడల్‌లోకి టక్కున దిగి పట్టుకుంటుంది, ఇక జారదు. దిగాలంటే మడమ బయటికి తిప్పాలి, టక్కున వదిలేస్తుంది. ఈ సుఖమంతా బోల్టులు బిగుతుగా ఉన్నంతసేపే. వదులైతే మనం మడమ తిప్పినప్పుడు బూటు తిరుగుతుంది, ఇనపముక్క తిరగదు. సైకిలు ఆగుతుంది, కాలు రాదు, మనిషి పక్కకి ఒరుగుతుంది.

ఒరగడానికి నాకు అవకాశం లేదు. రెండేళ్ళ కిందట వానలో మామూలు పెడల్ మీంచి చెప్పు జారి పడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాను. లోపల ప్లేటు వేశారు. మళ్ళీ అక్కడే విరిగితే చేతికి పట్టు తిరిగి రావడం అనుమానమేనని డాక్టరు చెప్పాడు. నాది ఎడమచేతి వాటం. కాలేజీలో జువాలజీ చెబుతాను. కప్ప గుండె బోర్డు మీద గీసేది ఆ చేతితోనే.

"జారని బూట్లు కొనిపెడతాను, భద్రాచలం నుంచి మా కిరండూల్ దాకా నాతో తొక్కుకుంటూ రా" అన్నది మా బావే. ఆయన మా అక్క మొగుడు, శ్రీకాకుళం వైపు మనిషి. కిరండూల్ ఇనప గనిలో డంపర్లు బాగుచేసే ఫోర్‌మన్‌గా చేసి రిటైరై అక్కడే ఇల్లు తీసుకున్నాడు. బూట్లకి క్లీట్లు తన ఇంట్లోనే బిగించి, తన సైకిలుతో పాటు బస్సు మీద వేసుకుని మా ఊరు వచ్చాడు.

కుంట

భద్రాచలంలో బయల్దేరేముందు బావ ఎడమ బూటు తిరగేసి చూపించాడు. రెండు బోల్టుల తలల మీంచి పక్కనున్న ఇనపముక్క మీదికి ఎర్రటి గీతలు.

"మీ అక్క నెయిల్ పాలిష్" అన్నాడు గర్వంగా. "గనిలో పెద్ద బోల్టు బిగించీసినాక దాని మీద గీత గీసీస్తాం. బోల్టు తిరిగిందనుకో, గీత రెండు ముక్కలైపోద్ది. గీత అతుక్కునుంటే ఎవడూ పానా ఎయ్యకూడదు. ఎయ్యనిచ్చీవోడిని కాదు."

ముందురోజు సాయంత్రం కరకట్ట మీద తొక్కి చూసినప్పుడు బాగానే ఉంది. చింతూరు దాటాక ఎడమకాలు కింద కిర్రుకిర్రు మొదలైంది. శబరి నది మీద గాలికి ఆ చప్పుడు మాయమయ్యేది, ఎత్తు ఎక్కుతుంటే మళ్ళీ వచ్చేది. కుంటలో హోటలు ముందు ఆగబోతే మడమ తిప్పాను. రాలేదు. ఇంకా తిప్పాను. మామూలుగా తిరిగేదానికంటే చాలా దూరం తిరిగాక, పట్టుకున్న వేలు విడిపించుకున్నట్టు ఎలాగో వచ్చింది.

"ఆ మాత్రం ఆట ఉండాల" అన్నాడు బావ, భజియా నములుతూ. "పెడల్‌లోనే అలాగ పెడతారు. మోకాలికి మంచిది."

ఆ ఆట నాకూ తెలుసు. కుడికాలికీ ఉంది. కుడికాలిది ఊయల, ఎడమకాలిది ఊడబోయే పన్ను. అదే మాట అన్నాను. గీత చూడమన్నాడు. చూశాను. అతుక్కునే ఉంది.

కుంట హోటల్లో చాయ్ అడిగితే తెలుగులో, నీళ్ళు అడిగితే హిందీలో పలికారు. భజియాతో పాటు మనవైపు ఇచ్చే కొబ్బరి చట్నీ కాకుండా పల్చటి టమాటా రసం లాంటిది పోశారు. బాగుందో లేదో చెప్పలేను. నా ధ్యాసంతా బల్ల కింద మడమ అటూ ఇటూ తిప్పి చూసుకోవడంలోనే ఉంది.

ఎర్రబోరు

రెండోరోజు పొద్దున జల్లు పట్టుకుంది. ఎర్రబోరులో ఒక దుకాణం చూరు కింద ఆగాం. ఆగడమంటే నాకు అప్పటికి ఒక పెద్ద పని. దుకాణం కనిపించగానే, ఇంకా చాలా దూరం ఉండగానే, ఎడమకాలు గుంజి గుంజి విడిపించుకుని వేలాడేసుకుంటూ వెళ్ళాలి. కుడికాలు దించొచ్చు కదా అంటారు. బావ కూడా అదే అన్నాడు. నలభై ఏళ్ళుగా ఎడమకాలే దించాను, రోడ్డు కూడా ఎడమవైపుకే వాలి ఉంటుంది. ఆగే క్షణంలో ఒళ్ళు మన మాట వినదు.

చూరు కింద జీపు కోసం ఒకావిడ కూర్చుని ఉంది. కూతురింటికి వచ్చి గొల్లపల్లి తిరిగి వెళుతోందట. ముందు గంపలో చింతపండు, పైన సాల్ చెట్టు ఆకుల పొట్లాలు. నేను టకటకలాడుతూ నడుస్తుంటే నా కాళ్ళకేసి చూసింది.

"ఏందమ్మా గది, చెప్పుకి లాడం కొట్టిచ్చినవా?"

ఎడ్ల గిట్టలకి కొట్టే లాడం. ఇంతకంటే మంచి పేరు ఆ వస్తువుకి నేను వినలేదు.

"లాడమే అక్కా. వదులైంది" అన్నాను.

"వదులు కాలేదమ్మా, ఊరికే అంటోంది" అన్నాడు బావ.

ఆవిడ బావని పైనుంచి కిందికి చూసింది. "కాలు ఆమెది గదా. నీకెట్ల ఎర్కైతది?"

"గీత ఉంది కదేటి" అని బావ బూటు తిప్పి చూపించబోయాడు.

"గీతలు గోడకి గీస్కో" అందావిడ. "నా మొగడు గిట్లనే. ఎద్దు కుంటుతుంటే లాడం మంచిగనే ఉన్నదంటడు. ఎద్దే దొంగదంటడు."

నేను పగలబడి నవ్వాను. నన్ను ఎద్దుతో పోల్చిందని తర్వాత వెలిగింది. అప్పటికి ఆవిడ పొట్లం విప్పి ఎర్రచీమల పచ్చడి నా అరచేతిలో పెట్టింది. చాప్‌డా అంటారు అక్కడ. పుల్లగా, ఘాటుగా, నిమ్మకాయ కారం కొరికినట్టు. చీమలు అన్నందుకే మా ఇంట్లో ఒక్కరూ ముట్టుకోరు. చీమల గురించి పాఠాలు చెప్పే నేను రెండోసారి చెయ్యి చాపాను. డబ్బులివ్వబోతే "తిన్నదానికి పైసలా" అని మొహం తిప్పుకుంది. చింతపండుకి మాత్రం పైసా తగ్గించలేదు. మా సంతల్లో దీనికి తలకిందులుగా, రుచి చూపించినదానికి డబ్బు ముందు కట్టించుకుని, బేరం దగ్గర మెత్తబడతారు. ఆవిడ పద్ధతే నాకు నచ్చింది.

జీపు వచ్చింది. ఎక్కుతూ, "ఊడగొట్టి పారేయరాదు, ఉత్త చెప్పులేసుకో" అంది. అదీ చేశాను. దోర్నపాల్ దాకా చెప్పులతో తొక్కాను. ఈ పెడల్ సబ్బుబిళ్ళంత ఉంటుంది. చెప్పు దాని మీద తడిసి రెండుసార్లు జారింది. రెండేళ్ళ కిందట నన్ను పడేసింది సరిగ్గా ఆ జారుడే. మళ్ళీ బూట్లేసుకున్నాను.

సుక్మాకి ఇవతల

ఇక నా పరువు పోయిన చోటు. రోడ్డుకి అడ్డంగా బారికేడ్లు, పక్కన జవాన్ల క్యాంపు. ఆ దారంతా ఇలాంటివి తగులుతూనే ఉంటాయి. ఎవరు, ఎక్కడికి అని అడిగి పంపిస్తారు. దూరం నుంచే కాలు తీసిపెట్టుకోవాలనుకున్నాను. మలుపు తిరగ్గానే బారికేడ్ ముందరే ఉంది. కుర్ర జవాను చెయ్యెత్తాడు.

"మేడం, రుకియే!"

మడమ తిప్పాను. బూటు తిరిగింది, కాలు రాలేదు. మళ్ళీ తిప్పాను. ఆగితే ఎడమవైపు పడతాను, ఎడమ చేతి మీద పడతాను. ఆగకుండా ఉంటే ఆగమన్నా ఆగని మనిషినవుతాను. ఏం చేయాలో తోచక బారికేడ్ ముందున్న ఖాళీలో గుండ్రంగా తిరిగాను.

"రుకియే మేడం!"

"నహీ రుక్ సక్తీ భయ్యా! పైర్ ఫస్ గయా!" ఆగలేను, కాలు ఇరుక్కుపోయింది అని నా కాలేజీ హిందీలో అరిచాను. అతనికి అర్థం కాలేదు. ఇంకో చుట్టు. లోపల్నుంచి ఇంకొకరు బయటికొచ్చారు. మా బావ కాలు దించి నిలబడి, సర్కస్ చూస్తున్నట్టు చూస్తున్నాడు.

మూడో చుట్టులో వేగం చచ్చింది. మణికట్టు గుండెకి హత్తుకున్నాను. అంతవరకే ఆలోచించాను. తుంటి, మోచెయ్యి, భుజం వరసగా తారుకి తగిలాయి. పడ్డాక కూడా కాలు పెడల్‌లోనే. బూటు పట్టీ విప్పి పాదం బయటికి లాక్కోవాల్సి వచ్చింది. బూటు పెడల్‌కి వేలాడుతూ ఉండిపోయింది.

లేచి కూర్చుని ముందు చేసిన పని ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి తెరవడం. తెరుచుకున్నాయి. ఆ తర్వాతే మోకాలి నెత్తురు చూసుకున్నాను. కుర్ర జవాను నీళ్ళ సీసా తెచ్చిచ్చి, వేలాడుతున్న బూటుని వేలితో పొడిచి, "ఇత్నే మహంగే జూతే, ఔర్ ఉతర్తే నహీ?" అన్నాడు. ఇంత ఖరీదు బూట్లు, ఊడవా అని. తుపాకీ అతని భుజానికే ఉంది. దాన్ని చూసే తీరిక నాకెక్కడిది?

బావ వచ్చి బూటు విడదీసి తిరగేశాడు. బురద తుడిచాడు. గీతలు రెండూ నిక్షేపంగా ఉన్నాయి.

"సూసినావా? గీత సెక్కు సెదరలేదు. బోల్టు టైటే. నీ కాలే లూజు."

"ఎలెన్ కీ ఇయ్యి బావా. నేను బిగించుకుంటాను."

"టైటుగున్న బోల్టుని మళ్ళీ తిప్పితే మర తెగిపోద్ది. అడవి మధ్యలో బోల్టెక్కడ తెస్తావు? భయమేసిందని ఒప్పీసుకోరాదూ."

బోల్టు తలలో దూర్చి తిప్పే ఆ ఆరుపలకల కీ ఆయన సంచీలో ఉంది. సంచీ ఆయన భుజానికి ఉంది.

సుక్మా

ఊళ్ళో మోటారుసైకిళ్ళు బాగుచేసే దుకాణానికి బావ నన్ను తీసుకెళ్ళాడు. తప్పు పెడల్‌ది అయ్యుండాలని ఇప్పుడాయన కొత్త వాదం. మెకానిక్‌కి దోర్నపాల్‌లో అత్తారిల్లు ఉందట, తెలుగు వచ్చు.

"పెడల్ లూజ్ ఉంది మేడం, టైట్ చేస్త" అని పానా పెట్టి కుడివైపుకి తిప్పాడు.

"ఆగు!" అని నేనూ బావా ఒక్కసారే అరిచాం. ఆ ప్రయాణం మొత్తంలో మేమిద్దరం ఒక్క మాట మీద నిలబడింది అప్పుడే. సైకిలు ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది. కుడికి తిప్పితే ఊడుతుంది.

"అరె, ఉల్టీ చూడీ, ఉల్టా మర! మరిచిపోయిన" అని మెకానిక్ నాలుక కరుచుకుని, ఎడమకి తిప్పి గట్టిగా బిగించాడు. పెడల్‌ని నేనే పట్టుకుని ఊపి చూశాను. మునుపూ ఆడలేదు, ఇప్పుడూ ఆడలేదు. తర్వాత బూటుని చేత్తో పెడల్‌లోకి నొక్కి ఊపాను. ఇనపముక్క పెడల్‌లో కూర్చునే ఉంది, దాని మీద బూటు అటూ ఇటూ కదిలింది.

"ఇది చూడు బావా."

"అదే ఆట."

"కుడి బూటు ఊపు మరి. అది ఇలా కదులుతుందా?"

ఊపలేదు. "ఈయమ్మ కాడ స్టూడెంట్లు ఎలా పాసవుతారో" అన్నాడు మెకానిక్‌తో.

ఆ సాయంత్రం లాడ్జిలో మోచేతికి పసుపు పెట్టుకుంటూ ఆలోచించాను. మర్నాటి దారి సుక్మా నుంచి గాదిరాస్ మీదుగా దంతెవాడ. ఎత్తులూ దిగుళ్ళూ ఉన్న రోడ్డు. దిగుడులో అడ్డంగా మేకో పందో వస్తే నేను బారికేడ్ దగ్గరలా గుండ్రంగా తిరగలేను. బస్సెక్కొచ్చు. బావ అదే అన్నాడు, నవ్వుతూ. ఆ నవ్వు లేకపోతే ఎక్కేదాన్నేమో.

బూటు ఒళ్ళో పెట్టుకుని గీత కేసి చూస్తూ కూర్చున్నాను. గీత బోల్టు మీంచి క్లీట్ మీదికి ఉంది. అంటే క్లీట్‌లో బోల్టు తిరగలేదని చెబుతుంది. సరే, నమ్ముతాను. కానీ బోల్టూ క్లీట్ కలిసి బూటు అడుగు మీద జరిగితే? జోడీగా జరిగేవాటి మధ్య గీసిన గీత ఎలా తెగుతుంది? డంపర్ చక్రం దాని ఇరుసు మీద ఇలా పక్కకి జరగదు కాబట్టి అక్కడ ఆ గీత చాలు. ఇక్కడ గీయాల్సింది క్లీట్‌కీ బూటుకీ మధ్య. పెన్ను తీసి క్లీట్ చుట్టూ, బూటు అడుగు మీద, అంచు వెంబడి సన్నగా గీసుకున్నాను. బావకి చెప్పలేదు.

గాదిరాస్ దాటాక

పొద్దున్నే పోహా, మీద సేవ్ అనే సన్న కారప్పూస, పక్కన జిలేబీ. మా వైపు అటుకులు పండక్కో పథ్యానికో తింటాం. వీళ్ళు రోజూ తింటారు. ఆ జిలేబీ తీపి గాదిరాస్ దాకా నోట్లో ఉంది, భయమూ ఉంది. దారిలో ఎదురైన ప్రతి మనిషినీ, కుక్కనీ, వేగం తగ్గించమనే ప్రతి దిమ్మనీ ముందు నా ఎడమకాలే చూసింది. రెండుపక్కలా సాల్ చెట్లు ఎంత బాగున్నాయో అందరూ రాస్తారు. నేను రోడ్డు అంచు తప్ప ఏమీ చూడలేదని రాస్తున్నాను.

గాదిరాస్ దాటి ఒక ఇంటి ముందు ఆగాం. ఆ ఇంటామె నేలలో పాతిన కుండలోంచి సొరకాయ బుర్రతో మండియా పేజ్ ముంచి ఆకుదొన్నెల్లో పోసింది. మన రాగి అంబలే, కాస్త పులుపు ఎక్కువ. ఇంట్లోకి పోబోతే బూట్లు బయట విప్పమని సైగ చేసింది. ఇక్కడ మాత్రం మన ఇంటి పద్ధతే. బావ పక్కనున్న బోరింగు దగ్గరికి మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు. సంచీ గడపలో పెట్టి వెళ్ళాడు.

ఎడమ బూటు తిరగేశాను. బావ గీతలు అతుక్కునే ఉన్నాయి. క్లీట్ నా పెన్ను గీతని దాటి బియ్యపుగింజంత పక్కకి జరిగి ఉంది.

మూడు రోజుల్లో మొదటిసారి నా గుండె నెమ్మదించింది. విచిత్రమే. తప్పు నా కాలిది కాదని తెలియడం ఒకటి, ఇప్పుడు చేయాల్సింది ఏదో తెలియడం ఇంకొకటి. సంచీలోంచి ఎలెన్ కీ తీశాను. బోల్టు తలలోని బురదని పిన్నీసుతో గీకి కీ కుదురుగా దిగేలా చేశాను. బురద మీదే తిప్పితే తల అరిగిపోయి ఇక ఏ కీకీ దొరకదు. రెండు బోల్టులూ విప్పి, క్లీట్ కిందనున్న ఇసుక గీకేసి, గుడ్డతో తుడిచి, పెన్ను గీతలో సరిగ్గా కూర్చోబెట్టి, ఇటు కొంచెం అటు కొంచెం మార్చి మార్చి కదలనంత వరకూ బిగించాను. ఇంటామె నాకేం అర్థం కాని గోండిలో ఏదో అంటూ దీపానికి గాలి తగలకుండా పెట్టినట్టు చెయ్యి అడ్డం పెట్టి నీడ చేసి కూర్చుంది.

ఒక్క సంగతి చెప్పాలి. విప్పడానికి మొదట కీ పెట్టినప్పుడు నాకు బలం అక్కర్లేకపోయింది. రెండు వేళ్ళతో తిరిగింది. విప్పడం మానేసి ఒకసారి బిగుతు వైపు తిప్పి చూశాను. దాదాపు సగం చుట్టు తేలిగ్గా పోయింది. అలా తెగింది మా అక్క నెయిల్ పాలిష్.

బావ మొహం తుడుచుకుంటూ వచ్చాడు. "గీత సెరిపీసినావా!"

"చెరపలేదు. బోల్టు బిగించాను. సగం చుట్టు తిరిగింది."

"ఎవరు సూసినారు?"

"నేను చూశాను. ఈమె చూసింది." ఇంటామెని చూపించాను. ఆమె మా ఇద్దరికీ ఇంకో దొన్నెడు పోసింది.

"వానకి తడిసి బూటడుగు నొక్కుకుపోయుంటాది. అందుకే తిరిగుంటాది. నేను బిగించింది బిగించిందే."

నొక్కుకుపోతే వదులవుతుంది, నిజమే. కొత్త బూటుకి ఒకరోజు తొక్కాక మళ్ళీ బిగించి చూడాలని నాకు తర్వాత తెలిసింది. కానీ రెండు వేళ్ళతో తిరిగేంతగానా?

దిగుడులోకి వెళ్ళేముందు ఆ ఇంటి ముందే నిలబడి, సైకిలు గోడకి ఆనించి పదే పదే కాలు పెట్టి తీశాను. టక్. టక్. సగం దిగుడులో పొదల్లోంచి పందుల మంద రోడ్డు మీదికొచ్చింది, వెనక తల్లి, ముందు పిల్లలు. బ్రేకులు పట్టాను. ఆలోచించకుండా ఎడమ మడమ తిప్పాను.

టక్.

ఎడమకాలు నేల మీద. చెయ్యి హ్యాండిల్ మీద. పందులు నాకేసి చూడనైనా చూడకుండా దాటిపోయాయి. వెనక బావ ఆగి, "పందులకి భయపడలేదు, గొప్పే" అన్నాడు.

దంతెవాడలో శంఖిని, డంకిని నదులు కలిసేచోట నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. ఎడమ పాదం ఒరుసుకుపోయి ఉంది. గుడి బయట బూట్లు వదలాల్సి వచ్చినప్పుడు, పోతాయేమోనని కాదు, ఎవరైనా బోల్టులు తిప్పి చూస్తారేమోనని రెండుసార్లు వెనక్కి చూశాను.

కిరండూల్

బచేలీ దాటితే కొండలు ఎర్రబడతాయి, రోడ్డూ ఎర్రబడుతుంది, గాలిలో ఇనుము వాసన. అక్కావాళ్ళ వీధిలో మన తెలుగే. ఒక గుమ్మంలో విజయనగరం యాస, పక్క గుమ్మంలో గుంటూరుది, పిల్లలు మాత్రం హిందీలో కొట్టుకుంటున్నారు. అక్క గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని మణికట్టు తడిమి చూసింది. ఆ తర్వాత బావకేసి చూసింది.

అన్నాలు తింటుండగా బావ అప్పుడే కథ మొదలెట్టాడు. తుపాకీ దగ్గరికి వచ్చేసరికి నేను బూటు తెచ్చి అక్క ముందు తిరగేశాను.

"నీ రంగే ఇది. ఈయన ఎప్పుడు గీశాడో నీకు గుర్తుందా?"

అక్క ఆలోచించింది. "అరుగు మీద కూర్చుని బిగిస్తూ ఉన్నారు. ఎడమ బూటు ఒళ్ళో ఉంది. ఇంతలో ఫోనొచ్చింది, పాత షిఫ్టువాళ్ళు. చాలాసేపు మాట్లాడారు. తర్వాత చూస్తే గీతలు ఉన్నాయి."

"ఫోనొచ్చే ముందే బిగించడం అయిపోయిందా, ఇంకా సగంలో ఉందా?"

"నాకేం తెలుసే. నేను చేపలు కడుగుతున్నాను."

బావ పెరుగు కలుపుకుంటూ నవ్వాడు. ఫోను మోగినప్పుడు చేతిలో ఏముంది బావా అని అడిగితే, "ఫోనుంది" అన్నాడు.

అప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నాను. ఒక పెళ్ళిలో అడిగాను, ఫోనులో అడిగాను, ఇప్పుడు నలుగురూ చదివేచోట అడుగుతున్నాను. బావా, గనిలో అన్నేళ్ళు గీతలు గీసినవాడివి, ఆ రోజు ఫోను మోగడానికి ముందు నీ చేతిలో ఉన్నది ఎలెన్ కీయా, నెయిల్ పాలిష్ సీసానా?